కొలిమి పెరిగింది, కొలువు తగ్గింది: భిలాయి సెక్టర్ 6 చెప్పే కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ‘మావాళ్లు భిలాయిలో ఉన్నారు’ అనే మాట చాలా ఇళ్లలో వినిపించేది. ఆ మాటలో కొంత గర్వం, కొంత ధీమా ఉండేవి. భిలాయిలో ఉన్నారంటే ప్లాంటులో కొలువు ఉన్నట్టు, క్వార్టర్ ఉన్నట్టు, పిల్లలకు బడి, ఇంట్లోవాళ్లకు ఆసుపత్రి ఉన్నట్టు లెక్క. ఇప్పుడూ భిలాయిలో ఉక్కు తయారవుతోంది, గతంలో కంటే ఎక్కువగానే. కానీ ఆ మాటకు అప్పటి అర్థం ఇప్పుడు లేదు.

సాంకేతికత సమాజాన్ని మారుస్తుందని అందరూ అంటారు. ఎలా మారుస్తుంది, ఎవరికి మేలు చేస్తుంది, ఎవరిని పక్కకు నెడుతుంది అనేవి ఒక ఊరిని దగ్గరగా చూస్తే తెలుస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి అలాంటి ఊరు. ఒకే కర్మాగారం కోసం పుట్టి, ఆ కర్మాగారంతో పాటే పెరిగింది. అక్కడి యంత్రాలు మూడు తరాల్లో పూర్తిగా మారిపోయాయి. వాటితో పాటు ఇల్లు, పెళ్లి, చదువు, భాష, పొరుగు అన్నీ మారాయి. అయితే ఆ మార్పులన్నిటికీ కారణం యంత్రమేనా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

ఊరు ఎలా పుట్టింది

రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో ప్రభుత్వ రంగంలో మూడు ఉక్కు కర్మాగారాలు తలపెట్టారు. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్, భిలాయికి సోవియట్ యూనియన్ సాయపడ్డాయి. భిలాయి ఒప్పందం మీద 1955 ఫిబ్రవరి 2న సంతకాలయ్యాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పట్లో ఆ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉండేది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది.

ఈ చోటును ఎంచుకోవడానికి కారణాలు స్పష్టం. దక్షిణంగా దల్లీ-రాజహరా కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. దగ్గర్లోని నందినిలో సున్నపురాయి దొరుకుతుంది. హౌరా-ముంబయి రైలు మార్గం పక్కనుంచే పోతుంది. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1960లలో 25 లక్షల టన్నులకు, 1980ల చివరికి 40 లక్షల టన్నులకు పెరిగింది. 1973లో స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా (సెయిల్) ఏర్పడ్డాక అందులో భాగమైంది.

కర్మాగారం కోసం చుట్టుపక్కల ఊళ్ల భూములు తీసుకున్నారు. పొలాలు పోయిన రైతులు మొదట్లో ప్లాంటు పనికి వెనకాడారు. కొలుముల పునాదుల్లో మనుషులను బలి ఇస్తున్నారన్న పుకార్లు ఊళ్లలో తిరిగాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనథన్ ప్యారీ దశాబ్దాల తర్వాత కూడా ఆ కథలను అక్కడ విన్నారు. ఎన్నడూ చూడనంత పెద్ద యంత్రం ఊరి నడుమకు వచ్చినప్పుడు పుట్టే భయం అది. స్థానికులు తటపటాయించిన ఆ కాలంలోనే దూర ప్రాంతాల నుంచి జనం దిగారు. పంజాబ్, కేరళ, బెంగాల్, బిహార్, ఒడిశాలతో పాటు ఆంధ్ర నుంచి కూడా వచ్చారు.

సెక్టర్ అంటే ఏమిటి

ప్లాంటుతో పాటు పట్టణాన్నీ గీతలు గీసి కట్టారు. దాన్ని సెక్టర్లుగా విభజించారు. ఒక్కో సెక్టర్‌లో క్వార్టర్లు, బడి, బజారు, ఆటస్థలం, చెట్లు. పెద్దాసుపత్రి సెక్టర్ 9లో, ప్రధాన వాణిజ్య కేంద్రం సివిక్ సెంటర్‌లో. ఇల్లు ఉద్యోగ హోదాను బట్టి దక్కేది. కులాన్నో భాషనో బట్టి కాదు. అందుకే ఒకే వరుసలో తెలుగు, మలయాళీ, బెంగాలీ, పంజాబీ, ఛత్తీస్‌గఢీ కుటుంబాలు పక్కపక్కనే ఉండేవి. భిలాయిని ‘మినీ ఇండియా’ అనడం అలా అలవాటైంది.

ఈ కలయికను చూడాలంటే సెక్టర్ 6 మంచి చోటు. అరబిక్ లిపిలోని అక్షరాల ఆకారంలో కట్టిన జామా మసీదు అక్కడుంది. గురుద్వారా ఉంది, బెంగాలీల కాళీబాడీ ఉంది, కేరళ నుంచి వచ్చిన క్రైస్తవ సంప్రదాయంతో ముడిపడిన ఎం.జి.ఎం. పాఠశాల ఉంది. తెలుగువారి కేంద్రం దగ్గర్లోని సెక్టర్ 5లో ఉంది: ఆంధ్ర సాహిత్య సమితి నిర్వహించే బాలాజీ మందిరం. సాహిత్యం పేరు పెట్టుకున్న సంస్థ గుడిని నడపడం ప్రవాసాంధ్రులకు వింతేమీ కాదు. ఊరు విడిచి వచ్చినవారికి భాష, దేవుడు, పండుగ, పెళ్లి సంబంధాలు అన్నీ ఒకే చోట దొరకాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వేర్వేరు మతాల, భాషల వారు పక్కపక్కన బతకడం మంచి మనసు వల్ల మాత్రమే జరగలేదు. కేటాయింపు పద్ధతి అందుకు దారి వేసింది. పొరుగువాడెవడో నిర్ణయించింది ఎస్టేట్ ఆఫీసు. ఒకే షిఫ్టులో పనిచేసి, ఒకే వరుసలో నిద్రపోయి, ఒకే బడికి పిల్లలను పంపినవారి మధ్య స్నేహాలు కుదిరాయి. వేర్వేరు రాష్ట్రాల, కులాల మధ్య పెళ్లిళ్లూ జరిగాయి.

తెలుగువారు ఎలా వచ్చారు

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వలస భిలాయితో మొదలు కాలేదు. బ్రిటిషు కాలంలో ఆ జిల్లాలవారు ఓడలెక్కి రంగూన్‌కు వెళ్లేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో జపాన్ సేనలు బర్మాలోకి రావడంతో వేలమంది తిరిగొచ్చారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం అప్పటికే తెలుగువారికి తెలిసిన చోట్లు. 1930ల తొలినాళ్లలో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గం పార్వతీపురం, రాయగడ మీదుగా నేరుగా ఛత్తీస్‌గఢ్‌కు దారి తెరిచింది. భిలాయిలో పని ఉందన్న కబురు ఆ దారెంటే వచ్చింది.

మొదట వచ్చినవారిలో చాలామంది కట్టడం పనివాళ్లు. వారు పడుకున్న తాత్కాలిక లేబర్ క్యాంపులే తర్వాత క్యాంప్ 1, క్యాంప్ 2 పేరుతో శాశ్వత పేటలయ్యాయి. వీటికీ ప్లాన్ ప్రకారం కట్టిన సెక్టర్లకూ మధ్య రైలు పట్టాలున్నాయి. ఖుర్సీపార్ వైపు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. కట్టడం పని అయ్యాక ప్లాంటులో పర్మినెంటు కొలువు దొరికినవారు సెక్టర్లలోని క్వార్టర్లకు మారారు. దొరకనివారు పట్టాల అవతలే ఉండిపోయారు. ఒకే ఊరి నుంచి, ఒక్కోసారి ఒకే ఇంటి నుంచి వచ్చిన అన్నదమ్ముల బతుకులు ఆ పట్టాల దగ్గర చీలాయి.

నౌకరీ వేరు, కామ్ వేరు

ఈ చీలికను అందరికంటే వివరంగా రాసింది ప్యారీ. 1990ల నుంచి పదేపదే వచ్చి భిలాయిలో ఉండి ఆయన చేసిన పరిశోధన 2020 ప్రాంతంలో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే పెద్ద పుస్తకంగా వెలువడింది. భిలాయి జనం వాడే రెండు హిందీ మాటలు ఆయన వాదనకు కీలకం: నౌకరీ, కామ్. నౌకరీ అంటే స్థిరమైన కొలువు. నెల జీతం, సెలవు, వైద్యం, పింఛను నిధి, సులభంగా తీసేయడానికి వీల్లేని రక్షణ. కామ్ అంటే పని మాత్రమే. ఇవాళ ఉంటుంది, రేపు కాంట్రాక్టరు దయ.

ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు. ఒకే కొలిమి దగ్గర నిలబడతారు. చాలాసార్లు ఎక్కువ వేడి, ఎక్కువ దుమ్ము ఉన్న పని కాంట్రాక్టు మనిషిదే. అయినా ఒకరు తమను మధ్యతరగతిగా భావిస్తారు, రెండోవారిని అలా ఎవరూ భావించరు. కార్మికవర్గం ఒకటే అన్న మాట భిలాయిలో నిలవదని, పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య ఉన్నది వర్గభేదమేనని ప్యారీ అంటారు.

ఇంట్లోకి వెళ్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. పర్మినెంటు కార్మికుల ఇళ్లలో ఆడవాళ్లు క్రమంగా కూలిపని మానేశారు. భర్త జీతం చాలు, పిల్లల చదువు చూసుకోవాలి అనే కొత్త మర్యాద వచ్చింది. పర్మినెంటు కొలువుల్లో ఆడవాళ్లు మొదటి నుంచీ తక్కువే. కాంట్రాక్టు ఇళ్లలో మాత్రం ఇద్దరూ పనిచేస్తేనే పొయ్యి వెలుగుతుంది. ఇటుకలు, ఇసుక మోసే ఆడకూలీని అక్కడ ‘రేజా’ అంటారు. ఒకే పరిశ్రమ ఒక ఇంటి ఆడమనిషిని గుమ్మం లోపల కూర్చోబెట్టింది, మరో ఇంటి ఆడమనిషి నెత్తిన తట్ట పెట్టింది.

కొలిమిలో ఏం మారింది

భిలాయి మొదటి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పరిమాణం ఒక్కొక్కటి 1,033 ఘనమీటర్లు. 2018 ఫిబ్రవరిలో మొదలైన ఎనిమిదో ఫర్నేసు ‘మహామాయ’ 4,060 ఘనమీటర్లు. రోజుకు దాదాపు 8,000 టన్నుల కరిగిన ఇనుము ఇవ్వగల శక్తి దానిది. అంటే పాత కొలుములు నాలుగింటి చోటు ఒక్కదానిలోనే ఉంది. ఒక కొలిమి దగ్గర కావలసిన సిబ్బందికి నాలుగింతలు అక్కడ అక్కర్లేదు.

ఉక్కు చేసే పద్ధతీ మారింది. తొలినాళ్లలో ఓపెన్ హార్త్ పద్ధతి ఉండేది. ఒక్కో విడత ఉక్కు తయారవడానికి గంటలు పట్టేది. తర్వాత వచ్చిన ఎల్‌డీ కన్వర్టర్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను అతి వేగంగా ఊదుతారు. గంటలోపే విడత పూర్తవుతుంది. ముందు కరిగిన ఉక్కును అచ్చుల్లో పోసి దిమ్మెలు చేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేసి, బ్లూమింగ్ మిల్లులో నొక్కేవారు. నిరంతర పోత పద్ధతి వచ్చాక కరిగిన ఉక్కు నేరుగా పొడవాటి కడ్డీగా గడ్డకడుతుంది. మధ్యలోని దశలు పోయాయి. ఆ దశల్లో పనిచేసే మనుషుల అవసరమూ పోయింది.

రైలు పట్టాల విషయంలో మార్పు సామాన్య ప్రయాణికుడికీ తెలుస్తుంది. పట్టాలు ఒకప్పుడు 13 మీటర్ల ముక్కలు. అతుకు అతుకుకూ చక్రం చప్పుడు చేసేది. భిలాయి కొత్త యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా వస్తుంది; రెండింటిని అతికి 260 మీటర్ల పట్టాగా పంపుతారు. అతుకులు తగ్గడంతో ప్రయాణం నున్నగా, భద్రంగా సాగుతోంది. దేశీయంగా నిర్మించిన విమానవాహక నౌక విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేక ఉక్కులోనూ భిలాయి వాటా ఉంది. 2021లో కరోనా రెండో విడతలో ఇక్కడి ఆక్సిజన్ ప్లాంటు నుంచి ఆసుపత్రులకు ట్యాంకర్లు వెళ్లాయి. సాంకేతికత ఇచ్చిన మేలును తక్కువ చేసి చూడనక్కర్లేదు.

కానీ పక్కనే మరో లెక్క ఉంది. 1980ల చివరలో గనులతో కలిపి 60 వేలు దాటిన పర్మినెంటు ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 15 వేల లోపుకు వచ్చింది. ఉత్పత్తి మాత్రం అప్పటికంటే ఎక్కువ. ఏడాదికి 50 లక్షల టన్నులు దాటింది. 1990ల చివర నుంచి సెయిల్ స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు తెచ్చింది. రిటైరైన వారి స్థానాల్లో కొత్తవారిని చాలావరకు తీసుకోలేదు. ఆ పనుల్లో కొన్నిటిని యంత్రం చేస్తోంది. మిగతావి కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. ఈ రెండో మాటే అసలు విషయం. మనుషుల అవసరం తీరిపోయిన చోట కొలువు పోవడం ఒకటి. మనిషి అవసరం ఉండగానే కొలువు పోయి పని మాత్రమే మిగలడం మరొకటి. మొదటిది యంత్రం చేసిన మార్పు. రెండోది యాజమాన్యాలు, ప్రభుత్వాలు, చట్టాలు కలిసి చేసినది. మనం తరచుగా రెండిటినీ ‘టెక్నాలజీ’ ఖాతాలోనే రాస్తుంటాం.

యంత్రాన్ని ప్రశ్నించిన గని

ఈ తేడాను అందరికంటే ముందు పట్టుకున్నది భిలాయికి ఖనిజం పంపే దల్లీ-రాజహరా గని కార్మికులు. అక్కడి కొన్ని గనుల్లో ఖనిజాన్ని చేత్తో కొట్టి లారీల్లోకి ఎత్తేవారు. ఆ పని చేసేది కాంట్రాక్టు కూలీలు. వారిలో ఆడవాళ్ల సంఖ్య పెద్దది. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. అదే ఏడాది జూన్‌లో పోలీసు కాల్పుల్లో కార్మికులు చనిపోయారు.

గనుల్ని పూర్తిగా యంత్రాలకు అప్పజెప్పే ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ సంఘం యంత్రాలు వద్దని జెండా ఎత్తి ఊరుకోలేదు. పాక్షిక యాంత్రీకరణ అనే ప్రత్యామ్నాయాన్ని తయారుచేసి ముందు పెట్టింది. కొన్ని పనులు యంత్రానికి, కొన్ని మనిషికి. అలా చేస్తే ఖనిజం నాణ్యత, ఖర్చు, ఉపాధి మూడూ నిలుస్తాయని వాదించింది. యంత్రం వస్తే మొదట ఇంటికి పోయేది ఆడకూలీలేనన్న సంగతిని స్పష్టంగా చెప్పింది. చేతిపని గనుల్లో పూర్తి యాంత్రీకరణ చాలా ఏళ్లు ఆగింది. ఆ సంఘమే మద్యానికి వ్యతిరేకంగా ఉద్యమించింది. 1983లో కార్మికుల చందాలతో, శ్రమతో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టింది.

తర్వాత నియోగి భిలాయి చుట్టూ ఉన్న ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్టు కార్మికుల్ని కూడగట్టారు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలో నిద్రలో ఉండగా ఆయన్ని కాల్చి చంపారు. 1992 జూలై 1న భిలాయి పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో పదిమందికి పైగా మరణించారు. వారు అడిగినవాటిలో ముఖ్యమైనవి తీసేసిన కార్మికులకు పని, బతకదగ్గ కూలి.

చట్టం ఎటు నిలిచింది

కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, నిషేధ చట్టం 1970లో వచ్చింది. ఏడాది పొడవునా సాగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం అది ప్రభుత్వానికి ఇచ్చింది. నిషేధించాక ఆ కార్మికుల గతి ఏమిటి? అసలు సంస్థే వారిని తన ఉద్యోగులుగా తీసుకోవాలా? 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు అవునంది. 2001 ఆగస్టు 30న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. నిషేధం వచ్చినంత మాత్రాన కార్మికులు తమంతట తామే ఆ సంస్థ ఉద్యోగులు కారని తేల్చింది. ఆ కేసులో ఒక పక్షం సెయిల్ సంస్థే.

ఈ తీర్పు పర్యవసానం ఊహించడం కష్టం కాదు. నిషేధం కోరి గెలిచిన కార్మికుడు ఉన్న పని కూడా పోగొట్టుకోవచ్చు. కాంట్రాక్టు పద్ధతి నిజంగా బూటకమని, తన అసలు యజమాని సంస్థేనని కార్మిక న్యాయస్థానంలో రుజువు చేసుకునే దారి మిగిలింది. రోజుకూలి మీద బతికే మనిషికి అది సుదీర్ఘమైన దారి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చాయి. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు పద్ధతి కూడదని వాటిలో ఉంది; అయితే మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. భిలాయిలో ఏది ప్రధాన పని, ఏది కాదు అన్న పాత వాదన కొత్త మాటల్లో సాగక తప్పదు.

ప్రమాదం ఎవరికి

పాత పైపులు, కొత్త యంత్రాలు పక్కపక్కన నడిచే చోట ప్రమాదం పొంచి ఉంటుంది. 2014 జూన్ 12న భిలాయిలో ఒక పంప్‌హౌస్‌లో కార్బన్ మోనాక్సైడ్ వ్యాపించి ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు ఉన్నతాధికారులు. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే వాయువును నీటితో శుద్ధి చేస్తారు. నీటి ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ వాయువు నీటి గొట్టాల గుండా వెనక్కి రాగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. పరికరం మోగితే తప్ప మనిషికి తెలియదు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ వాయువు గొట్టం దగ్గర మంటలు లేచి తొమ్మిదిమంది అక్కడికక్కడే మరణించారు. తర్వాత ఆ సంఖ్య పెరిగింది.

కొలిమి పక్కన నిలబడటం ఎప్పుడూ ప్రమాదమే. అయితే ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ చప్పుడుకు పరుగెత్తాలో ఏళ్లు గడిస్తేనే ఒంటబడుతుంది. ఆ అనుభవం ఉన్నవారు రిటైరైపోతూ, వారి చోట ఆరు నెలలకోసారి మారే కాంట్రాక్టు బృందాలు వస్తే ఆ తెలివి ఎవరికీ అందకుండా పోతుంది. యంత్రాల విలువ ఖాతాల్లో కనిపిస్తుంది. ఒంట్లో దాగిన ఈ తెలివి విలువ ఏ ఖాతాలోనూ ఉండదు.

ఇళ్లు, చదువులు, భాష

పర్మినెంటు కొలువులు తగ్గిన కొద్దీ వాటి కోసం కట్టిన పట్టణమూ మారుతోంది. 2000ల తొలినాళ్లలో కంపెనీ కొన్ని క్వార్టర్లను ఉద్యోగులకు, మాజీ ఉద్యోగులకు దీర్ఘకాల లీజుకు ఇచ్చింది. మరోవైపు రిటైరైనవాళ్లు ఇల్లు ఖాళీ చేయాల్సి రావడం, పాత ఇళ్లు పాడుబడటం, ఆక్రమణలు, ప్లాంటు నడిపే బడుల సంఖ్య తగ్గడం ఇవన్నీ సెక్టర్లలో నిత్యం నలిగే విషయాలు. ముప్పై ఏళ్లు ఒకే క్వార్టర్‌లో ఉండి, అక్కడే మామిడిచెట్టు పెంచి, పిల్లల పెళ్లిళ్లు చేసినవారికి అది సొంతిల్లే. కాగితం మీద మాత్రం ఎన్నడూ కాదు.

చదువు కథ దీనికి మరో వైపు. ప్లాంటు బడులు, పట్టణంలో పెరిగిన కోచింగ్ కేంద్రాల పుణ్యమా అని భిలాయి పిల్లలు ఇంజనీరింగ్ పరీక్షల్లో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 2016లో భిలాయికి ఐఐటీ వచ్చింది. దాని శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. కార్మికుడి కొడుకు ఇంజనీరు కావడం భిలాయి సాధించిన గొప్ప విజయం. అయితే ఆ ఇంజనీరుకు భిలాయిలో కొలువు లేదు. హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్తాడు. తాత రంగూన్ ఓడెక్కాడు, తండ్రి భిలాయి రైలెక్కాడు, కొడుకు విమానం ఎక్కుతున్నాడు. కాంట్రాక్టు కార్మికుడి కొడుక్కి మాత్రం ఆ కోచింగ్ ఫీజు అందదు. కొలువు పోతే నష్టపోయేది ఒక్క మనిషి అనుకుంటాం. నిజానికి తెగిపోయేది ఒక తరం నుంచి మరో తరానికి ఎక్కే నిచ్చెన.

భాష మీద సాంకేతికత ప్రభావం ఇంకో రకంగా ఉంది. మొదటి తరం ఉత్తరాంధ్ర యాసను మూటగట్టుకుని తెచ్చుకుంది. ఇంట్లో తెలుగు, బయట హిందీ, పొరుగున ఛత్తీస్‌గఢీ. పిల్లలు హిందీలోనో ఇంగ్లిషులోనో చదివారు. తెలుగు చెవికి వచ్చింది, కంటికి రాలేదు. 1995లో ఈటీవీ వంటి ఉపగ్రహ ఛానళ్లు మొదలయ్యాక భిలాయి ఇళ్లలోకి రోజూ తెలుగు మాట వచ్చింది. కానీ అది తాతమ్మల యాస కాదు, స్టూడియో తెలుగు. 2016 తర్వాత చవకైన మొబైల్ డేటాతో తెలుగు సినిమా, పాట, ఊరి బంధువుల వీడియో కాల్ చేతిలోకి వచ్చాయి. మనవలు తెలుగు వింటారు, మాట్లాడతారు, రోమన్ అక్షరాల్లో రాస్తారు. ఒకప్పుడు ఊరికీ భిలాయికీ మధ్య ఉత్తరం రావడానికి రోజులు పట్టేది. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ రైలు ఎనిమిది గంటల్లో తీసుకెళ్తోంది. ఊరు దగ్గరైంది. ఊరి అక్షరం దూరమైంది.

సింగరేణి, విశాఖలకు అద్దం

ఇది భిలాయి ఒక్కదాని కథ కాదు. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్షకు పైగా కార్మికులుండేవారు; ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఉత్పత్తి 2023-24లో 7 కోట్ల టన్నులు చేరింది. భూగర్భ గనుల చోటును ఓపెన్ కాస్ట్ గనులు, తట్టా చెమ్మస్ చోటును భారీ యంత్రాలు ఆక్రమించాయి. అక్కడా కాంట్రాక్టు కార్మికుల సమస్య అదే రూపంలో ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో వాటాలన్నీ అమ్మాలని 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించాక వచ్చిన ఉద్యమంలో పర్మినెంటు ఉద్యోగుల గొంతు గట్టిగా వినిపించింది. కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు ఆ తర్వాతి కాలంలో పెద్ద వివాదమయ్యాయి. పేరు, ఊరు వేరు. పట్టాలకు ఇటు ఎవరు, అటు ఎవరు అన్న లెక్క ఒకటే.

ఏం అడగాలి

సెక్టర్ 6ను కట్టినవాళ్లు ఉక్కుతో పాటు ఒక ఒప్పందాన్నీ తయారుచేశారు. అది కాగితం మీద రాయని ఒప్పందం: నువ్వు కొలిమి దగ్గర నిలబడు, నీ ఇంటి బాధ్యత సంస్థది. ఆ ఒప్పందం అందరికీ అందలేదు. క్యాంపుల్లో ఉండిపోయినవారికి, రేజాలకు, గని కూలీలకు అది మొదటి నుంచీ దూరమే. దాన్ని స్వర్ణయుగమని పొగడటం వాళ్ల బతుకుల్ని మరవడమే అవుతుంది. అయినా అందినవారికి అది రెండు తరాల్లో తెచ్చిన మార్పు చిన్నది కాదు. నాగలి పట్టిన ఇంట్లో ఇంజనీరు పుట్టాడు.

మొదటి యంత్రాలు ఆ ఒప్పందంతో కలిసి వచ్చాయి. తర్వాతి యంత్రాలు అది లేకుండా వచ్చాయి. పాత కొలిమికి తిరిగి వెళ్లాలని ఎవరూ కోరరు. ఆ వేడిలో ముప్పై ఏళ్లు నిలబడినవారు అసలే కోరరు. ఇప్పుడు ఇళ్లలో, ఆఫీసుల్లో కృత్రిమ మేధ గురించి జరుగుతున్న చర్చ కూడా ‘ఎన్ని ఉద్యోగాలు పోతాయి’ అన్న దగ్గరే ఆగిపోతోంది. భిలాయి అనుభవం దానికి మరో మూడు ప్రశ్నలు కలుపుతుంది. మిగిలిన పని కొలువుగా ఉంటుందా, కూలిగా మారుతుందా? పెరిగిన ఉత్పత్తిలో ఆ పనిచేసేవారి వాటా ఎంత? వాళ్ల పిల్లలు ఎక్కడానికి నిచ్చెన ఎక్కడుంది? ఈ మూడింటికీ జవాబు ఏ యంత్రమూ చెప్పదు. కొత్త యంత్రం కొనే ఒప్పందంతో పాటు మనిషితో చేసే ఒప్పందం గురించి కూడా అప్పుడే మాట్లాడాలి. దల్లీ-రాజహరా గని కూలీలు నలభై ఏళ్ల కిందట చేసింది అదే.